ఒలింపిక్స్ ముందు రోయింగ్ జట్ల ఫామ్ ఎలా చదవాలి, పతకం ఎవరికి ఎంత దూరంలో ఉందో ఎలా లెక్కేసుకోవాలి

2024 ఏప్రిల్‌లో మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. దక్షిణ కొరియాలోని చుంగ్‌జులో ఆసియా, ఓషియానియా దేశాలకు జరిగిన క్వాలిఫయింగ్ రెగట్టాలో, అంటే అర్హత కోసం జరిగే పడవ పందేల్లో, మన రోవర్ బాలరాజ్ పన్వార్ కాంస్యం గెలిచి పారిస్ టికెట్ తెచ్చుకున్నాడని. మా అక్క కొడుకు వెంటనే ఫోన్ చేశాడు. "పిన్నీ, కాంస్యం కొట్టాడంటే పారిస్‌లో కూడా మెడల్ ఛాన్స్ ఉన్నట్టేగా?" అన్నాడు. వాడి గొంతులో ఆ ఉత్సాహం విన్నాక ఒక్క ముక్కలో లేదని చెప్పబుద్ధి కాలేదు. సాయంత్రం ఇంటికి రా, కాగితం పెన్నూ పట్టుకుని కూర్చుని లెక్కేద్దాం అన్నాను. ఆ రోజు వాడికి చెప్పిందీ, ఆ తర్వాత పారిస్ ఫలితాలు చూసి నేను సరిచేసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే లాస్ ఏంజెలెస్ 2028 దగ్గరపడే కొద్దీ ఇలాంటి మెసేజ్‌లు మళ్లీ వస్తాయి, అప్పుడు ఏది నిజంగా పెద్ద వార్తో ఏది కాదో మీ అంతట మీరే చెప్పగలగాలి.

నేనుండేది చెన్నైలో, కోట్టూర్‌పురంలో. వంతెన మీద నిలబడితే పొద్దున్నే అడయారు నదిలో పడవలు కనిపిస్తాయి. 1867లో మొదలైన మద్రాస్ బోట్ క్లబ్ ఉన్నది అక్కడే. వాకింగ్‌కి వెళ్లి ఆ పడవలు చూస్తూ చూస్తూ ఈ ఆట మీద ఇష్టం పెరిగింది.

ముందు పడవల సంగతి, త్వరగా

ఒక్కొక్కరికి రెండు తెడ్లు ఉంటే స్కలింగ్, ఒక్కో తెడ్డే ఉంటే స్వీప్. స్కలింగ్‌లో సింగిల్ (ఒకరు), డబుల్ (ఇద్దరు), క్వాడ్ (నలుగురు). స్వీప్‌లో పెయిర్ (ఇద్దరు), ఫోర్ (నలుగురు), ఎయిట్ (ఎనిమిది మంది). ఒలింపిక్స్‌లో కాక్స్, అంటే తెడ్డు వేయకుండా కూర్చుని దారి చూపిస్తూ అరిచే మనిషి, ఒక్క ఎయిట్‌లోనే ఉంటారు. లాస్ ఏంజెలెస్‌లో ఈ ఆరు పడవలూ పురుషులకు, మహిళలకు కలిపి 12 ఈవెంట్లు, వాటికి తోడు సముద్రతీరంలో జరిగే బీచ్ స్ప్రింట్ మూడు. ఇంతవరకు తెలిస్తే చాలు, మిగతాది చూస్తుంటే వచ్చేస్తుంది.

ఒక్క విషయం మాత్రం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. ఏ దేశం ఏ పడవని ఎంచుకుందో చూస్తే ఆ దేశం దగ్గర మనుషులు ఎందరున్నారో తెలిసిపోతుంది. ఎయిట్ దింపాలంటే ప్రపంచ స్థాయి వాళ్లు ఎనిమిది మంది కావాలి, సింగిల్‌కి ఒక్కరు చాలు. ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒలింపిక్స్‌లో ఎక్కువగా సింగిల్స్‌లోనే కనిపించేది అందుకే.

టైమ్ పక్కన పెట్టి తేడా చూడండి

కొత్తగా చూసేవాళ్లు అందరూ చేసే పని ఇది: ఫలానా రేసులో 6:50, ఫలానా రేసులో 7:02, కాబట్టి మొదటివాడు పన్నెండు సెకన్లు మెరుగు. స్విమ్మింగ్‌లో ఈ లెక్క నడుస్తుంది, రోయింగ్‌లో నడవదు. వెనక నుంచి గాలి తోస్తే పడవ ఎగిరిపోతుంది, ఎదురుగాలి వస్తే అదే మనిషి అదే బలంతో ఇరవై ముప్ఫై సెకన్లు వెనకబడతాడు. న్యూజిలాండ్‌కి చెందిన రాబీ మాన్సన్ సింగిల్స్‌లో 6:30.74, జర్మనీ పురుషుల ఎయిట్ 5:18.68, ఈ రెండు మెరుపు టైములూ 2017లో పోజ్నాన్‌లో జరిగిన ఒకే వరల్డ్ కప్‌లో వచ్చాయి. ఆ వారం అక్కడి గాలి ఎలా వీచిందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. అదే పారిస్‌లో జర్మనీ రోవర్ ఒలివర్ జైడ్లర్ సింగిల్స్ స్వర్ణం గెలిచింది 6:37.57లో. ఆ టైమ్ చూసి జైడ్లర్ మాన్సన్ కంటే తక్కువ అనేవాళ్లు ఎవరూ లేరు.

కాబట్టి అదే రేసులో, అదే నీళ్ల మీద, గెలిచినవాడికీ మనవాడికీ మధ్య ఎంత దూరం ఉందన్నదే చూడాలి. బాలరాజ్ పారిస్‌లో సింగిల్స్ హీట్, అంటే మొదటి రౌండ్ రేసు, తీసుకుందాం. న్యూజిలాండ్ రోవర్ థామస్ మాకింటోష్ 6:55.92, గ్రీస్‌కి చెందిన స్టెఫానోస్ ఎంటూస్కోస్ 7:01.79, ఈజిప్ట్ రోవర్ ఎల్‌బన్నా 7:05.06, బాలరాజ్ 7:07.11. మొదటి ముగ్గురు నేరుగా క్వార్టర్ ఫైనల్స్‌కి వెళ్లిపోయారు, బాలరాజ్ రెండు సెకన్ల తేడాతో రెపెచాజ్‌కి వెళ్లాడు, అంటే ఓడినవాళ్లకి ఇచ్చే రెండో అవకాశం.

మొదటి స్థానానికీ బాలరాజ్‌కీ తేడా 11.19 సెకన్లు. దాన్ని శాతంలోకి మార్చండి: గెలిచిన టైముని సెకన్లలోకి మారిస్తే 415.92, మనవాడిది 427.11, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 97.4 శాతం. అంటే గెలిచినవాడు వంద మీటర్లు వెళ్లేసరికి మనవాడు 97.4 మీటర్ల దగ్గర ఉన్నాడు. వినడానికి చాలా దగ్గరగా ఉంది కదా? కానీ రేసు మొత్తం 2000 మీటర్ల మీద అది యాభై మీటర్లకి పైమాటే. సింగిల్ పడవ పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, కాబట్టి ఆరు పడవల దూరం. కళ్లతో చూస్తే ముందున్న పడవ లేపిన అలలు సర్దుకుపోయాక మన పడవ అక్కడికి వస్తుంది.

నా చేతి లెక్క ఒకటుంది, ఎక్కడా రూలుగా రాసి లేదు, చూసి చూసి పట్టుకున్నది. ఫైనల్‌లో గెలిచినవాడితో పోల్చి 99 శాతం పైన ఉంటే పతకం పోరులో ఉన్నట్టు, 98 దగ్గర ఉంటే ఫైనల్ చేరడమే గొప్ప, 97కి కిందకి వస్తే ఇంకా చాలా దారి ఉంది. పైగా హీట్స్‌లో ముందున్నవాళ్లు చివరి 500 మీటర్లలో బలం దాచుకుంటారు, ఆ రోజే మొత్తం ఖర్చు పెట్టేస్తే ఆఖరి రోజుకి మిగలదు కాబట్టి. అందుకే హీట్స్‌లో కనిపించే తేడా అసలు తేడా కంటే తక్కువని గుర్తుపెట్టుకోండి.

బాలరాజ్ చివరికి 19 నుంచి 24 స్థానాలు తేల్చే ఫైనల్ డి‌లో ఐదో స్థానం, మొత్తంలో 23వ స్థానంలో నిలిచాడు. ఆ రేసులో అతని టైమ్ 7:02.37, ఆ వారం మొత్తంలో అతని అత్యుత్తమం, అదీ అలసిపోయిన ఐదో రేసులో. నాకు ఆ అంకె చూసినప్పుడు నిజంగా కళ్లు చెమర్చాయి. పతకం ఊసు లేకుండానే ఒక మనిషి వారం రోజుల్లో మెరుగుపడటం కాగితం మీద కనిపిస్తుంది, చూసేవాళ్లకి.

నాలుగు ముక్కలుగా రేసు చదవడం

వరల్డ్ రోయింగ్ వెబ్‌సైట్‌లో రిజల్ట్స్ పేజీకి వెళ్తే ప్రతి రేసుకీ 500, 1000, 1500, 2000 మీటర్ల దగ్గర టైములు ఉంటాయి. చివరి స్థానం ఒక్కటే చూసి మూసేయకండి, ఈ నాలుగు ముక్కల్నీ విడివిడిగా తీసి రాసుకోండి. మొదటి 500 అందరూ వేగంగా కొడతారు, అక్కడ ఎవరు ముందున్నారన్నది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. మూడో 500 చూడండి. కాళ్లలో మంట మొదలయ్యేది, ఊపిరి అందనిది అక్కడే, బాగా తయారైన జట్టుకీ ఊరికే ఉత్సాహంగా వచ్చిన జట్టుకీ తేడా బయటపడేది కూడా అక్కడే. ఒక జట్టు మూడో ముక్కలో తక్కువ నష్టపోయి, చివరి ముక్కలో మళ్లీ వేగం పెంచిందంటే, ఆ రేసులో నాలుగో స్థానం వచ్చినా సరే వాళ్ల పేరు పక్కన టిక్ పెట్టుకోండి.

ఇందుకు క్రొయేషియా సింకోవిచ్ అన్నదమ్ముల కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పారిస్ పెయిర్ ఫైనల్‌లో బ్రిటన్ జోడీ ముందుంది, గీత కనిపిస్తోంది, ఇక అయిపోయిందనుకునే సమయానికి మార్టిన్, వాలెంట్ చివరి మీటర్లలో దాటేశారు, తేడా అర సెకను కూడా లేదు. వాళ్లు 2016 రియోలో డబుల్‌లో గెలిచారు, టోక్యోలో పెయిర్‌లో గెలిచారు, పారిస్‌లో మళ్లీ పెయిర్‌లో. రెండు తెడ్ల నుంచి ఒక తెడ్డుకి మారి కూడా ఒలింపిక్ స్వర్ణం తెచ్చుకోవడం మామూలు విషయం కాదు, కుడిచేత్తో రాసేవాళ్లు ఎడమచేత్తో అలవాటు చేసుకుని మళ్లీ ఫస్ట్ ర్యాంక్ కొట్టినట్టు.

ఇక స్ట్రోక్ రేటు. నిమిషానికి ఎన్నిసార్లు తెడ్డు వేస్తున్నారన్నది. టీవీలో ఒక్కోసారి అంకె చూపిస్తారు, చూపించకపోయినా మీరే లెక్కపెట్టుకోవచ్చు. నేను దీన్ని నేర్చుకున్నది వంతెన మీదే. ఆరుంపావుకి, ఎండ ఇంకా రాకముందు, నీళ్ల మీద సన్నటి పొగలాంటిది ఉంటుంది, గట్టు మీద కొంగలు, వెనక ట్రాఫిక్ అప్పుడే మొదలవుతూ ఉంటుంది. ఒక ఎయిట్ వంతెన కిందకి వస్తుంది. ఎనిమిది తెడ్లు ఒకేసారి నీళ్లలో పడితే ఒకే చప్పుడు, ఒక్కటి ఆలస్యమైనా రెండు చప్పుళ్లు వినిపిస్తాయి, చూడకుండా కళ్లు మూసుకుని కూడా చెప్పొచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, తెడ్డు నీళ్లలో పడిన క్షణాన 'సున్నా' అనుకుని నొక్కండి, తర్వాతి పాటుకి, అంటే తెడ్డు మళ్లీ పడినప్పుడు, ఒకటి, అలా పది వరకు వెళ్లి ఆపండి. 600ని ఆ సెకన్లతో భాగిస్తే రేటు వస్తుంది. ముప్ఫై సెకన్లు పట్టిందా, రేటు 20, అది నింపాదిగా చేసే ప్రాక్టీసు. పదహారు సెకన్లు పట్టిందా, దాదాపు 38, అది రేసు. సున్నా దగ్గర మొదలుపెట్టడం మర్చిపోకండి, ఒకటి నుంచి మొదలుపెడితే మీ లెక్కలో ఒక పాటు తగ్గిపోయి రేటు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, నేను మొదటి నెలంతా అలాగే తప్పుగా రాసుకున్నాను.

రేటు తెలిస్తే లాభమేంటంటే, రెండు పడవలు పక్కపక్కనే ఒకే వేగంతో వెళ్తుంటే, ఒకటి 36తో, ఇంకోటి 39తో వెళ్తుందనుకోండి, 36తో వెళ్లేవాళ్లు ఒక్కో పాటులో ఎక్కువ దూరం లాగుతున్నారు, చివర్లో రేటు పెంచడానికి వాళ్ల దగ్గర ఇంకా మిగిలి ఉంది. హీట్స్‌లో ఇది గమనించి పెట్టుకుంటే ఫైనల్ రోజు చాలా ఉపయోగపడుతుంది.

ఎవరి మీద గెలిచారు

మన పత్రికల్లో ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే, నాకు ఎక్కువ బాధ కలిగేది కూడా ఇక్కడే, ఎందుకంటే ఆశలు పెంచేసి తర్వాత ఆటగాళ్లని ఒంటరిగా వదిలేస్తాం. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన రోవర్లు ఐదు పతకాలు తెచ్చారు, రెండు రజతాలు, మూడు కాంస్యాలు. గొప్ప ఫలితం, ఎవరూ కాదనరు. అందులో పురుషుల ఎయిట్ చైనా వెనక దాదాపు మూడు సెకన్ల తేడాతో రజతం గెలిచింది. ఆ లెక్కన మన ఎయిట్ ప్రపంచంలో పైన ఉందనుకోవచ్చా? పారిస్‌లో పురుషుల ఎయిట్‌లో ఏడు పడవలు దిగాయి: బ్రిటన్, నెదర్లాండ్స్, అమెరికా, ఆస్ట్రేలియా, జర్మనీ, రొమేనియా, ఇటలీ. ఆసియా ఛాంపియన్ చైనా పడవ అసలు ఆ జాబితాలోనే లేదు. అంటే ఆసియాలో మొదటి స్థానానికీ ఒలింపిక్స్ గుమ్మానికీ మధ్యే ఒక పెద్ద నది ఉంది.

చుంగ్‌జు కాంస్యం కూడా అంతే. ఆ రెగట్టా పెట్టేదే యూరప్ వాళ్లు లేకుండా ఆసియా, ఓషియానియా నుంచి కొంతమందికి దారి ఇవ్వడానికి. అంతకుముందు ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనే చాలా సీట్లు నిండిపోతాయి, అక్కడ సీటు సంపాదించినవాళ్లు ఈ రెగట్టాకి రారు. కాబట్టి క్వాలిఫయింగ్ రెగట్టా ఫలితం చూసినప్పుడు, ఆ పోటీలో లేనిది ఎవరన్న జాబితా ముందు రాసుకోండి. మా అక్క కొడుకుకి ఆ సాయంత్రం నేను చేయించిన మొదటి పని అదే. పన్నెండు పేర్లు రాసేసరికి వాడికే అర్థమైంది, అయినా "పోనీలే పిన్నీ, క్వార్టర్ ఫైనల్‌కి వెళ్తే చాలు" అన్నాడు. బాలరాజ్ వెళ్లాడు కూడా.

వరల్డ్ కప్‌లకీ ఇదే పద్ధతి. సీజన్ మొదట్లో జరిగే వాటికి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జట్లు ఒక్కోసారి రావు, వాళ్లు జూన్ ప్రాంతంలో యూరప్‌కి చేరతారు. కొన్ని దేశాలు కొత్తవాళ్లని పంపి పరీక్షిస్తాయి. స్విట్జర్లాండ్‌లో లూసర్న్ పక్కన రోట్‌సే అనే సరస్సులో జరిగే పోటీకి మాత్రం అందరూ సీరియస్‌గా వస్తారు, నేను ఏడాదిలో ఒక్క రెగట్టానే చూడగలిగితే అదే చూస్తాను. 2027 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా లూసర్న్‌లోనే. లాస్ ఏంజెలెస్ గురించి గట్టిగా ఏమైనా చెప్పాలంటే అది అయ్యాకే చెప్పాలి.

సీట్లలో ఎవరు కూర్చున్నారు

దేశం పేరు అలాగే ఉంటుంది, లోపలి మనుషులు మారిపోతారు. పోయినేడాది గెలిచిన క్వాడ్ అదే క్వాడేనా? ఒక్క సీటు మారినా లయ మారుతుంది, మళ్లీ కుదరడానికి నెలలు పడుతుంది. స్టార్ట్ లిస్ట్ తెరిచి పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి, రెండు నిమిషాల పని. ఒలింపిక్స్ సీటు దేశానిది, మనిషిది కాదు, క్వాలిఫై చేసినవాళ్లని పక్కనపెట్టి వేరేవాళ్లని పంపే హక్కు దేశానికి ఉంది.

రొమేనియా సంగతి వేరు. వాళ్లు ఒకే అమ్మాయిల్ని రెండు పడవల్లో దింపుతారు. సిమోనా రాదిష్, అంకుత్స బోద్నార్ జోడీ టోక్యోలో డబుల్ స్వర్ణం గెలిచింది, 2022, 2023 ప్రపంచ టైటిళ్లు కూడా వాళ్లవే. పారిస్‌కి ముందు నా నోట్‌బుక్‌లో ఆ ఈవెంట్ పక్కన రొమేనియా అని రాసి కింద గీత కూడా గీశాను. ఫైనల్‌లో న్యూజిలాండ్‌కి చెందిన బ్రూక్ ఫ్రాన్సిస్, లూసీ స్పూర్స్ వాళ్లని దాటి గెలిచారు. ఆ ఇద్దరూ టోక్యో తర్వాత తల్లులై, పిల్లలు పుట్టాక మళ్లీ పడవ ఎక్కినవాళ్లు. రాదిష్, బోద్నార్ రజతంతో ఆగినా, రెండు రోజుల తర్వాత ఎయిట్‌లో స్వర్ణం తీసుకున్నారు. రెండు పడవల బరువు డబుల్ మీద పడిందా లేక న్యూజిలాండ్ జోడీ ఆ రోజు అంత బాగా ఉందా? నేను రెండోదే నమ్ముతాను. ఈ రేసు నుంచి నేను నేర్చుకున్నదేంటంటే, బిడ్డ పుట్టాక తిరిగొచ్చినవాళ్లని, గాయం తర్వాత తిరిగొచ్చినవాళ్లని పాత ఫలితాలతో తూచకూడదు, వాళ్ల చివరి మూడు రేసుల్లో తేడా తగ్గుతూ వస్తోందా అన్నది చూడాలి.

గాలి, లేన్

టోక్యోలో జైడ్లర్ 2019 ప్రపంచ ఛాంపియన్‌గా దిగాడు. సెమీస్ రోజున నీళ్లు అల్లకల్లోలంగా ఉన్నాయి, నాలుగో స్థానంలో వచ్చి ఫైనల్ చేరలేకపోయాడు. అప్పుడు స్వర్ణం ఎంటూస్కోస్‌కి దక్కింది. తర్వాతి మూడేళ్లు జైడ్లర్ రెండు ప్రపంచ టైటిళ్లు గెలిచి, పారిస్‌లో లెక్క సరిచేశాడు. పొడవుగా బలంగా ఉన్నవాళ్లు ప్రశాంతమైన నీళ్లలో ఎంత గొప్పగా కనిపించినా, అలల్లో ఎలా చేశారన్నది ఒక్కసారైనా చూడండి. ఫైనల్ రోజు పక్కగాలి ఉంటే ఏ లేన్ గట్టు చాటున ఉందో కూడా.

నాలుగేళ్లలో ఎంత మారుతుంది

టోక్యోలో బ్రిటన్ రోయింగ్ జట్టుకి ఒక రజతం, ఒక కాంస్యం, అంతే. స్వర్ణం లేకుండా ఒలింపిక్స్ ముగియడం వాళ్లకి 1980 తర్వాత అదే మొదటిసారి, వాళ్ల దేశంలో పెద్ద గొడవే అయింది. మూడేళ్ల తర్వాత పారిస్‌లో మూడు స్వర్ణాలతో కలిపి ఎనిమిది పతకాలు. నెదర్లాండ్స్‌కీ ఎనిమిదే, కాకపోతే నాలుగు స్వర్ణాలతో మొదటి స్థానం. టోక్యో పట్టిక చూసి పారిస్ అంచనా వేసినవాళ్లంతా తప్పారు. 2022, 2023 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు చూసినవాళ్లకి మాత్రం బ్రిటన్ ఎయిట్ రెండుసార్లూ గెలిచిందని తెలుసు, వాళ్లు ఆశ్చర్యపోలేదు. అందుకే పాత ఒలింపిక్స్ పట్టికని గోడకి అంటించుకోవద్దు, మధ్యలో ఉన్న ఏడాదులు చూడండి.

టోక్యోలో బరువుకి పరిమితి ఉన్న లైట్‌వెయిట్ విభాగంలో బ్రిటన్ డబుల్ అమ్మాయిలు ఎమిలీ క్రెయిగ్, ఇమోజెన్ గ్రాంట్ కాంస్యానికి 0.01 సెకను దూరంలో నాలుగో స్థానంలో ఆగిపోయారు. నీళ్ల మీద అది మూడు వేళ్ల వెడల్పు. పారిస్‌లో వాళ్లదే స్వర్ణం. అదే పారిస్‌లో బ్రిటన్ మహిళల క్వాడ్ నెదర్లాండ్స్‌ని 0.15 సెకనుతో దాటింది, ఆ తేడా గజం కూడా ఉండదు. నాలుగో స్థానం అని రాసి ఉన్నచోట ఎప్పుడూ ఆగి, మూడో స్థానంతో తేడా ఎంతో చూడండి, వచ్చే ఒలింపిక్స్ విజేత అక్కడ ఉండొచ్చు.

లాస్ ఏంజెలెస్‌లో ఏం మారుతోంది, మన పరిస్థితేంటి

ఇంతవరకు చెప్పిన లెక్కల్లో కొన్నింటిని 2028కి సవరించుకోవాలి. పోటీలు లాంగ్ బీచ్ మెరైన్ స్టేడియంలో, 1932 ఒలింపిక్స్ రోయింగ్ జరిగిన చోటే. కానీ దూరం 2000 మీటర్లు కాదు, 1500. నాలుగు ముక్కల రేసు మూడు ముక్కలవుతుంది. నిదానంగా మొదలుపెట్టి చివర్లో అందుకునేవాళ్లకి అందుకోవడానికి చోటు తగ్గుతుంది, మొదట్లో గట్టిగా లాగి పట్టు వదలనివాళ్లకి లాభం. కాబట్టి ఇప్పటి నుంచే ప్రతి 2000 మీటర్ల రేసులో 1500 దగ్గర ఎవరు ముందున్నారో ఒక కాలమ్ వేసి రాసుకోండి. సింకోవిచ్‌ల పారిస్ రేసు ఈ దూరంలో ఎలా ముగిసేదో ఒకసారి ఊహించుకోండి.

రెండోది, లైట్‌వెయిట్ పోయింది. పురుషుల్లో జట్టు సగటు 70 కిలోలు, మహిళల్లో 57 కిలోలు దాటకూడదన్న ఈ విభాగం పారిస్‌తోనే ఆఖరు. మనకిది దెబ్బే. ఒలింపిక్స్ రోయింగ్‌లో భారత్ అత్యుత్తమ స్థానం 11, టోక్యోలో అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ లైట్‌వెయిట్ డబుల్‌లో తెచ్చారు. మన శరీరాలకి సరిపోయిన ఆ తలుపు మూసుకుపోయింది. ఓపెన్ విభాగంలో సింగిల్స్‌లో రియోలో దత్తు భోకనల్ 13వ స్థానం, అదే మన గట్టి ఫలితం, అదీ కరువు ప్రాంతం నుంచి వచ్చి సైన్యంలో చేరాక తెడ్డు పట్టిన మనిషి. మన రోవర్లలో చాలామంది కథ ఇదే, సైన్యంలో చేరాకే పడవ చూస్తారు, యూరప్ పిల్లలు పదమూడు పద్నాలుగేళ్లకే నీళ్లలో ఉంటారు. ఈ సంగతి తెలిస్తే 23వ స్థానాన్ని మనం చదివే తీరు మారుతుంది.

పారాలింపిక్స్‌ని కూడా ఈ నోట్‌బుక్‌లో చేర్చండి. మన ఆంధ్రప్రదేశ్‌కి చెందిన కొంగనపల్లె నారాయణ జమ్మూ కశ్మీర్‌లో సైనికుడిగా ఉండగా మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నాడు. తర్వాత అనితతో జోడీ కట్టి మిక్స్‌డ్ డబుల్‌లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 8వ స్థానం. ప్రపంచంలో ఎనిమిదో స్థానం! మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? నేను మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు మాట్లాడే ఆరు ఇళ్లలో అడిగాను, ఒక్కరికీ తెలియదు.

మూడో మార్పు బీచ్ స్ప్రింట్, నాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే. ఇసుకలో పరుగెత్తి పడవ ఎక్కాలి, తేలే గుర్తుల మధ్య మెలికలు తిరుగుతూ 250 మీటర్లు సముద్రంలోకి వెళ్లి, తిరిగి నేరుగా 250 మీటర్లు ఒడ్డుకి వచ్చి, దూకి మళ్లీ పరుగెత్తి బజర్ కొట్టాలి. ఇద్దరిద్దరే పోటీ, ఓడితే ఇంటికి. పురుషుల సోలో, మహిళల సోలో, మిక్స్‌డ్ డబుల్. ఇక్కడ అల ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు దాని వీపు మీద ఎక్కాలో తెలిసినవాళ్లకి నాలుగేళ్ల కండబలం కంటే ఎక్కువ లాభం. పట్టినపాక్కం దగ్గర పొద్దున్నే పడవలు ఒడ్డుకి తెచ్చే కుర్రాళ్లని చూడండి, మూడో అల కోసం ఆగి, ఒక్కసారి తోసి, తడి ఇసుక మీదకి ఎలా ఎక్కించేస్తారో. విశాఖలో, కాకినాడలో మన మత్స్యకార కుటుంబాల పిల్లలకీ అదే విద్య పుట్టుకతో వస్తుంది. వాళ్లని వెతికి, స్కల్స్ చేతికిచ్చి, రెండేళ్లు గట్టిగా శిక్షణ ఇస్తే ఏమవుతుందో చూడాలని నాకు చాలా ఉంది. ఈ విభాగంలో కూడా యూరప్ వాళ్లు ఇప్పటికే చాలా ముందున్నారు, అది మర్చిపోకుండానే చెబుతున్నాను.

నోట్‌బుక్ ఎలా పెట్టుకోవాలి

ఈవెంట్‌కి ఒక పేజీ. పైన ఈవెంట్ పేరు, కింద వరసగా రెగట్టా, తేదీ, గెలిచిన దేశం, మీరు గమనిస్తున్న దేశం, తేడా శాతంలో, 1500 దగ్గర స్థానం, రేటు, గాలి ఎలా ఉంది, సీట్లలో ఎవరెవరు, ఆ పోటీలో ఎవరు లేరు. ఈ చివరి కాలమ్‌కి మిగతావాటికంటే ఎక్కువ చోటు వదలండి. అన్ని ఈవెంట్లూ రాయాలనుకుంటే విసుగొస్తుంది, రెండు మూడు చాలు. నేను పురుషుల సింగిల్, మహిళల డబుల్, బీచ్ స్ప్రింట్ పెట్టుకున్నాను. మా అక్క కొడుకు ఎయిట్ తీసుకున్నాడు, వాడికి ఆ కాక్స్ అరుపులు ఇష్టం.

లాస్ ఏంజెలెస్‌కీ మనకీ వేసవిలో పన్నెండున్నర గంటల తేడా. అక్కడ పొద్దున ఎనిమిదికి రేసు మొదలైతే మనకి రాత్రి ఎనిమిదిన్నర, భోజనాల వేళ. 2028 జులైలో హీట్స్ మొదలైన రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి, ఫైనల్స్ రోజు ఒక్కటే చూస్తే ఎవరు బలం దాచుకున్నారో, ఎవరి దగ్గర ఇక దాచుకోవడానికి ఏమీ లేదో తెలియదు. ఫైనల్ మొదలవడానికి ముందు పేజీ అడుగున పతకాలు గెలుస్తారని మీరు అనుకున్న ముగ్గురి పేర్లూ పెన్నుతో రాసి పెట్టండి.